సాయంత్రం దాకా ఆగిన బీరపువ్వు

ఒకప్పుడు బీరపువ్వు కూడా గుమ్మడిపువ్వులాగే, బెండపువ్వులాగే తెల్లారగానే పూసేది. కోడి కూయగానే రేకులు విప్పేది, ఎండెక్కేసరికి ముడుచుకుపోయేది. సాయంత్రం పూయాలన్న ఊహే దానికి లేదు.

ఆ రోజుల్లో ఒక కొండ కింద పోలమ్మ అనే ఆవిడ ఉండేది. ఆమెకి ఒక చిన్న ఇల్లు, ఒక ఆవు, దాని దూడ, ఆరు కోళ్లు. ఇంట్లో కళ్లు సరిగా ఆనని అత్త సన్యాసమ్మ, ఏడాదిన్నర పాప పైడి. పోలమ్మ మగడు కిందటేడు జ్వరం వచ్చి పోయాడు. అందుకని విత్తడం, కలుపు తియ్యడం, పాలు పితకడం, గంజి కాచడం అన్నీ పోలమ్మే.

ఆమెకి ఉన్న చేను ఒకటే. అది గెడ్డకి అవతల ఉంది. గెడ్డ అంటే కొండ మీంచి దిగివచ్చే వాగు. ఎండాకాలంలో దాన్ని దాటితే మడమ కూడా తడవదు. వానాకాలంలో దాని తీరే వేరు. పొద్దున్న బుద్ధిగా మోకాలి లోతున పారుతుంది. మధ్యాహ్నం కొండ మీద వాన పడుతుంది. ఆ నీళ్లన్నీ కిందికి దిగేసరికి పొద్దు వాలుతుంది. ఇక అప్పుడు చూడాలి! ఎర్రగా, బురదగా, దుంగల్ని దొర్లించుకుంటూ వచ్చేస్తుంది. అది వచ్చాక ఏనుగైనా దాటలేదు.

పోలమ్మ రోజూ పొద్దున్నే పాపకి గంజి పట్టి, అత్తకి అప్పజెప్పి, ఆవుని తోలుకుని గెడ్డ దాటేది. ఆ ఆవు నుదుటి మీద తెల్లమచ్చ ఉండేది. అందుకే దాని పేరు మచ్చి. మచ్చి గట్టు మీద మేసేది, పోలమ్మ చోడి చేలో కూర్చుని కలుపు తీసేది. చోడి అంటే రాగులే. మధ్యమధ్యలో లేచి నిలబడి తన నీడ చూసుకునేది. నీడ తనకంటే రెండు జానలు పొడుగైందా, "పదవే మచ్చీ, పోదాం" అని బయల్దేరేది. గెడ్డ పొంగకముందే ఇల్లు చేరేది.

గడియారం అంటే ఏమిటో అక్కడ ఎవరికీ తెలీదు మరి. సూర్యుడు చెప్పిందే వేళ.

ఆ ఏడు తొలకరిలో చేను కంచె పక్కన ఒక మొలక లేచింది. ఎవరూ నాటింది కాదు. ఏ కాకో విత్తు జారవిడిచి ఉంటుంది. పోలమ్మ అది కలుపనుకుని బొరిగె ఎత్తింది. అంతలో ఆకు చూసి ఆగిపోయింది.

"ఓలమ్మా, నువ్వు బీరమొక్కవి కదే! ఇంకొంచెంలో పీకేద్దును!" అని నవ్వి, మొదట్లో మట్టి ఎగదోసి, పాకడానికి ఒక ఎండుకంప పాతింది.

మనుషులు మాట్లాడేది మొక్కలకి అర్థమయ్యేది. మొక్కలు మాట్లాడేదే మనుషులకి వినపడేది కాదు. ఆవులూ పిట్టలూ చెట్లూ తేనెటీగలూ మాత్రం తమలో తాము హాయిగా కబుర్లాడుకునేవి. ఆ రోజు మచ్చి మెడ సాచి, "నీ అదృష్టం బాగుంది పిల్లా. ఆ బొరిగె కింద పడి బతికిన మొక్క ఇంకోటి లేదు" అంది.

బీరపాదు కంప పట్టుకుని ఎగబాకింది. ఆషాఢం వెళ్లేసరికి కంచె అంతా కమ్మేసింది. పచ్చటి ఆకులు, నులితీగలు, గుత్తులు గుత్తులుగా మొగ్గలు. చూడ్డానికి రెండు కళ్లూ చాలవు.

కానీ దానికొక దిగులు పట్టుకుంది.

ఆ చేను గట్టు మీదే ఒక గుమ్మడిపాదు ఉంది. దాని పువ్వులు ఒక్కొక్కటీ అరిచేయంత. తెల్లవారగానే తేనెటీగలు జుమ్మని వచ్చి గుమ్మడిపువ్వుల్లో దూరేవి. అక్కణ్నించి బెండపూలకీ, ఆ తర్వాత నువ్వుచేనుకీ పోయేవి. ఇంత చిన్న బీరపువ్వు వాటి కంటికి ఆనేదే కాదు. తేనెటీగ వాలనిదే పుప్పొడి అందదు. పుప్పొడి అందనిదే కాయ నిలవదు. చిటికెన వేలంత పిందెలు రెండ్రోజులు ఊగి, పసుపు రంగుకి తిరిగి, టపటపా రాలిపోయేవి.

"పోలమ్మ నాకు కంప పాతింది. నేను ఆమెకి ఒక్క కాయ కూడా ఇవ్వలేకపోతున్నాను" అని బీరపాదు మచ్చితో చెప్పుకుని ఏడ్చేది.

పోలమ్మ మాత్రం రాలిన పిందెలు చూసి, "కాయకపోతే కాయకపోయావులే. కూకుంటే ఇంత నీడిస్తన్నావు, అదే సాలు" అనేది. ఆ మాటకి బీరపాదుకి ఇంకా ఏడుపు వచ్చేది.

శ్రావణం వచ్చింది. ముసురు పట్టింది.

ఎలాంటి ముసురనుకున్నారు! ఆకాశం అంతా బూడిద రంగు. సూర్యుడు ఎటున్నాడో తెలీదు. నీడ అన్నదే లేదు. పొద్దునా మధ్యాహ్నమా సాయంత్రమా అన్నీ ఒకేలా ఉన్నాయి.

ముసురు మొదటిరోజు పోలమ్మ తాటాకు గిడుగు నెత్తిన పెట్టుకుని కలుపు తీస్తూ తీస్తూ, "పొద్దు వాలిపోయిందేమో" అని భయపడింది. గబగబా ఆవుని తోలుకుని ఇంటికి వచ్చేసింది.

"ఏటే, అప్పుడే వచ్చేసినావు? నువ్వు పొద్దున్న కాసెళ్లిన గంజి ఇంకా సల్లారనేలేదు" అంది సన్యాసమ్మ.

పోలమ్మ ప్రాణం ఉసూరుమంది. సగం రోజు పని పోయింది. ముసురులో చోడి కంటే కలుపే తొందరగా పెరుగుతుంది. ఇలా రోజూ సగం పనికే లేచి వచ్చేస్తే కలుపు చేనుని మింగేస్తుంది. చోడి లేకపోతే ఏడాది పొడుగునా ఇంట్లో అంబలి లేదు.

అందుకని రెండోరోజు మొండిగా కూర్చుంది. "ఇంకో సాలు, ఇంకొక్క సాలు" అనుకుంటూ వరస వెంట వరస తీసింది. మచ్చికి పొదుగు నిండి సలుపుతోంది. ఇల్లు చేరే వేళ అయిందని దానికి తెలిసిపోయింది. "అంబా!" అని అరిచింది. పోలమ్మ "ఆకలేస్తందా?" అని ఇంత గడ్డి కోసి ముందు పడేసింది. మచ్చి మళ్లీ అరిచింది. "ఉండవే, తినవే" అంది పోలమ్మ.

గట్టు మీద చింతచెట్టు ఆకులు ముడుచుకోవడం చూసి ఒక్కసారిగా లేచింది. చింతాకు ముడుచుకుందంటే చీకటి పడబోతోందన్నమాట. పరుగెత్తుకుని గెడ్డ దగ్గరికి వెళ్లేసరికి నీళ్లు నడుము దాకా వచ్చేశాయి. ఇంకా పెరుగుతున్నాయి.

అవతల ఒడ్డున, దూరంగా, ఇంట్లోంచి పాప ఏడుపు వినపడుతోంది.

పోలమ్మ ఇంకేమీ ఆలోచించలేదు. మచ్చి తోక రెండు చేతులా గట్టిగా పట్టుకుని నీళ్లలోకి దిగింది. మధ్యలో కాళ్ల కింద ఇసుక జారిపోయింది. గిడుగు కొట్టుకుపోయింది. నీళ్లు గొంతు దాకా వచ్చాయి. మచ్చి ముక్కు పైకెత్తి, ఒళ్లంతా బిగబట్టి, అడుగులో అడుగు వేసుకుంటూ ఎలాగో ఒడ్డుకి ఈడ్చుకుపోయింది.

సన్యాసమ్మ పాపని చంకనేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. తడిసిన చీరని చేత్తో తడిమి చూసింది. కోడలు ఎంత లోతు నీళ్లలోంచి వచ్చిందో ఆమెకి అర్థమైపోయింది.

"నాకా కళ్లు లేవు. ఈ పసిగుంటకా ఊహ లేదు. నీకేటైనా అయితే మా ఇద్దరికీ దిక్కెవరే పోలీ?" అని ఏడ్చింది.

"రేపట్నుంచి పెందరాళే వచ్చేస్తాన్లే అత్తా" అంది పోలమ్మ. కానీ పెందరాళే అంటే ఎప్పుడో ఎలా తెలుస్తుంది? ఆ సంగతి తలుచుకుని ఇద్దరూ గంజి కూడా సరిగా తాగలేకపోయారు.

మర్నాడు పని తెమలాలని పోలమ్మ కోడి కూయకముందే గెడ్డ దాటింది. మచ్చి చేనులోకి రాగానే తిన్నగా బీరపాదు దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పింది.

"నేను అరిస్తే ఆకలనుకుంటుంది. చింతచెట్టు చెప్పేసరికి ఆలస్యమైపోతోంది. ఇవాళ కూడా ఇలాగే అయితే నా తోక బలం సరిపోదే" అంది. దాని పెద్ద కళ్లు చెమ్మగిల్లాయి.

బీరపాదు ఆకులు మబ్బు వైపు ఎత్తింది. "మబ్బెంత దట్టంగా ఉన్నా పొద్దు ఎక్కడుందో నాకు తెలుస్తుంది. వెలుగు తగ్గుతుంటే ఆకుల్లో తెలిసిపోతుంది. కానీ ఆమెకి ఎలా చెప్పను? నాకు నోరు లేదు కదా" అంది.

"నోరు లేకపోతేనేం, నీకు పువ్వు ఉంది కదా!" అంది మచ్చి.

బీరపాదు తన మొగ్గల్ని ఒకసారి చూసుకుంది. తర్వాత నెమ్మదిగా అంది. "అయితే ఇవాళ పొద్దున్న పూయను. ఆమె బయల్దేరాల్సిన వేళకి పూస్తాను."

ఆ మాట గుమ్మడిపాదు విన్నది. "ఏమిటేమిటి? సాయంత్రం పూస్తావా? తేనెటీగలు వచ్చేది పొద్దున్న! సాయంత్రం నీ మొహం ఎవరు చూస్తారు? ఇప్పుడే నీకు కాయల్లేవు. ఇక విత్తు కూడా మిగలదు. నీ వంశం అంతా ఈ కంచె మీదే ఎండిపోతుంది, చూసుకో!" అంది.

బీరపాదుకి భయం వేసింది. గుమ్మడి చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కానీ అవతల ఒడ్డున ఏడుస్తున్న పాప గుర్తుకొచ్చింది.

"ఎండితే ఎండుతాను" అంది.

చెప్పినంత సులువు కాదు, పిల్లలూ. తెల్లవారే వెలుగు తగలగానే మొగ్గలన్నీ విచ్చుకోవాలని తన్నుకుంటున్నాయి. బీరపాదు రేకుల్ని గట్టిగా బిగించి పట్టుకుంది. ఒళ్లంతా తీపులు.

సరిగ్గా అప్పుడే ఏమైందనుకున్నారు? ఎన్నడూ రాని తేనెటీగ ఒకటి దారి తప్పి వచ్చి మొగ్గ మీద వాలింది!

"తలుపు తియ్యి, తలుపు తియ్యి. వానకి గుమ్మడిపూలు నీళ్లతో నిండిపోయాయి. నాకు కాస్త తేనె కావాలి" అంది.

ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన అతిథి! ఒక్క పువ్వు తెరిస్తే ఒక్క కాయ. కానీ ఇప్పుడు తెరిస్తే ఆ పువ్వు సాయంత్రానికి ఉండదు. ఒకటి తెరిచాక మిగతావి ఆగుతాయా?

"ఇప్పుడు కాదు తల్లీ. సాయంత్రం రా" అంది. తేనెటీగ కోపంగా గిర్రున తిరిగి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం దాటింది. కొండ మీద ఉరుము వినపడింది. పోలమ్మ తల వంచుకుని కలుపు తీస్తూనే ఉంది. మాటిమాటికీ ఆకాశం వంక చూస్తోంది. ఆకాశం ఏమీ చెప్పడం లేదు. "వెళ్లిపోనా? ఇంకొంచెం ఉండనా?" అని తనలో తాను గొణుక్కుంటోంది.

బీరపాదు ఆకులు వెలుగుని కొలుస్తూ ఉన్నాయి. ఇంకా కాదు... ఇంకా కాదు... ఇదిగో, ఇప్పుడు!

బిగించిన పట్టు వదిలింది. ఒక మొగ్గ విచ్చింది. పక్కనే ఇంకోటి. ఆ పైన ఇంకో రెండు. చూస్తూండగానే కంచె ఈ చివర నుంచి ఆ చివర దాకా పసుపు చల్లినట్టు పూసేసింది. ఆ బూడిద రంగు ముసురులో రంగున్నది అదొక్కటే.

పోలమ్మ మాత్రం కంచె వైపు చూడలేదు. వీపు అటు పెట్టుకుని కూర్చుంది.

"చూడమ్మా! ఒక్కసారి ఇటు చూడు!" అని బీరపాదు అరిచింది. ఎవరికి వినపడుతుంది?

మచ్చి చూసింది. మేత వదిలేసి గబగబా నడిచి వచ్చి, మూతి తీసుకెళ్లి బీరపాదులో పెట్టేసింది. "ఏమీ అనుకోకు, రెండాకులు తింటాను" అంది. "పది తిను!" అంది బీరపాదు.

కరకరమన్న చప్పుడుకి పోలమ్మ వెనక్కి తిరిగింది.

"హేయ్ మచ్చీ! నీకు గట్టంతా గడ్డుంటే నా బీరపాదే దొరికిందా?" అని కేకేస్తూ పరుగెత్తుకొచ్చింది. వచ్చి, చెయ్యెత్తి, అలాగే నిలబడిపోయింది.

"ఇదేటి? పొద్దున్న ఒక్క పువ్వు లేదు కదా. ఈ వేళప్పుడు పూయడమేటి?"

ఒక పువ్వుని వేలితో తాకి చూసింది. అప్పుడే విచ్చిన పువ్వు, మెత్తగా తడితడిగా ఉంది. పోలమ్మ మనసులో ఏదో కదిలింది. తన ఇంటి మనిషెవరో వెనకనుంచి భుజం తట్టి, "ఇక లేమ్మా" అన్నట్టు అనిపించింది.

"పదవే మచ్చీ" అంది.

గెడ్డ దగ్గరికి వచ్చేసరికి నీళ్లు మోకాళ్ల దాకానే ఉన్నాయి. ఇద్దరూ దాటారు. అవతలి ఒడ్డు ఎక్కి పది అడుగులు వేశారో లేదో, వెనక పెద్ద హోరు వినపడింది. పోలమ్మ తిరిగి చూసింది. ఎర్రటి నీళ్లు గోడలాగా లేచి వస్తున్నాయి. తాము ఇప్పుడే కాలు పెట్టిన చోట ఒక చెట్టు మొదలు వేళ్లతో సహా దొర్లుకుంటూ పోయింది.

పోలమ్మ అక్కడే మచ్చి మెడ చుట్టూ చేతులు వేసి కాసేపు నిలబడిపోయింది. తర్వాత నవ్వు వచ్చింది. నవ్వుతూనే, కళ్లు తుడుచుకుంటూనే ఇంటికి పరుగెత్తి పాపని ఎత్తుకుంది. ఆ రోజు ముగ్గురూ కడుపు నిండా గంజి తాగారు.

సన్యాసమ్మ అంతా విని, "రేపు కూడా చూడు. మళ్లీ అదే వేళకి పూస్తే, అది ఊరికే పూసింది కాదు" అంది.

మర్నాడు పొద్దున్న చూస్తే నిన్నటి పూలు ముడుచుకుని ఉన్నాయి. కొత్త మొగ్గలు గట్టిగా మూసుకుని ఉన్నాయి. పోలమ్మ ఈసారి బీరపాదుకి ఎదురుగా కూర్చుని కలుపు తీసింది. నిన్నటిలాగే, కొండ మీద ఉరిమిన కాసేపటికి, పూలు విచ్చాయి. పోలమ్మ లేచింది. గెడ్డ మోకాలి లోతే ఉంది.

ఆ మర్నాడు ఆమె ఆకాశం వంక చూడనే లేదు. భయం లేకుండా చేతినిండా పని చేసుకుంది. ముసురు వదలకముందే కలుపంతా తేలిపోయింది. చోడిమొక్కలు ఊపిరి పీల్చుకున్నట్టు ఒక్కసారిగా పైకి లేచాయి.

మరి బీరపాదు సంగతో?

అది తొలిసారి సాయంత్రం పూసిన రోజున, పోలమ్మ వెళ్లిపోయాక చేనంతా నిశ్శబ్దంగా ఉంది. గుమ్మడిపూలు ఎప్పుడో వాడి వేలాడుతున్నాయి. బెండపూలు ముడుచుకున్నాయి. బీరపాదు, "పోనీలే, ఆమె ఇల్లు చేరింది, అంతే చాలు" అనుకుంటూ ఒంటరిగా పూసి ఉంది.

ఇంతలో జుమ్మని చప్పుడు. పొద్దున్న కోపంగా వెళ్లిపోయిన తేనెటీగ ఖాళీ చేతులతో గూటికి పోతోంది. వాన మూలంగా పాపం దానికి రోజంతా చుక్క తేనె దొరకలేదు. కంచె మీద పసుపు రంగు చూసి గాలిలోనే ఆగిపోయింది.

"నిజంగానే సాయంత్రం తెరిచావే!" అంది.

"రమ్మన్నాను కదా, రా" అంది బీరపాదు.

తేనెటీగ ఒక పువ్వులో దూరింది. రెండో పువ్వులో దూరింది. ఆ తర్వాత గూటికి వెళ్లి అందరికీ చెప్పింది. వెలుగు పోయేలోపు ముప్పై తేనెటీగలు వచ్చి వాలాయి! ఆ వేళకి వాటికి తెరిచి ఉన్న ఇల్లు అదొక్కటే మరి. పిండి పూసుకున్నట్టు ఒళ్లంతా పుప్పొడి పూసుకుని పువ్వు నుంచి పువ్వుకి తిరిగాయి.

రెండ్రోజులైంది. పిందెలు రాలలేదు. నాలుగు రోజులైంది. వేలంత పిందెలు జానెడు అయ్యాయి. బీరపాదు వాటిని లెక్కపెట్టుకుంటూ, నిజమేనా అని మళ్లీ చూసుకుంటూ మురిసిపోయింది.

పది రోజుల తర్వాత పోలమ్మ లేత బీరకాయలు ఒడినిండా కోసుకుని ఇంటికి వెళ్లింది. కాయల్లో మచ్చి పాలు పోసి కూర వండింది. తొక్కు పారేయకుండా పచ్చడి నూరింది. సన్యాసమ్మ రెండుసార్లు వడ్డించుకుంది. పాప ఒళ్లంతా పూసుకుంది.

ముసురు వెళ్లిపోయింది. ఎండ వచ్చింది. గుమ్మడిపాదు, "ఇక సూర్యుడు కనిపిస్తున్నాడు కదా. మళ్లీ పొద్దున్నే పూయవచ్చు కదా, తోడుగా ఉంటుంది" అంది. ఈసారి దాని గొంతులో వెక్కిరింపు లేదు.

"రేపు మళ్లీ మబ్బేస్తే పోలమ్మకి ఎవరు చెబుతారు?" అంది బీరపాదు. "పైగా సాయంత్రం వచ్చే చుట్టాలకి మాటిచ్చేశాను."

ఆ ఏడు పోలమ్మ రెండు కాయల్ని తీగ మీదే ముదరనిచ్చి, విత్తులు దాచింది. గెడ్డ అవతల చేలున్న వాళ్లందరికీ గుప్పెడు గుప్పెడు పంచింది. "కంచె పక్కన వేసుకోండి. కూరకి కూర, పువ్వు విచ్చగానే లేచి ఇళ్లకి వచ్చేయండి" అని చెప్పింది. ఆ తర్వాత ఆ చుట్టుపక్కల గెడ్డ పొంగి ఇల్లు చేరనివాళ్లు ఒక్కరూ లేరు.

అప్పటినుంచే బీరపువ్వు పొద్దున్న పూయడం మానేసింది. తోటంతా వాడి తలలు వంచే వేళకి, ఎండైనా మబ్బైనా, తాను పసుపుపచ్చగా విచ్చుకుంటుంది. చేలల్లో పని చేసుకునేవాళ్లు ఇప్పటికీ దాన్ని చూసి నడుము నిటారు చేసుకుని, "బీరపూలు పూసే వేళైంది, ఇక ఇళ్లకి పోదాం పదండి" అనుకుంటారు.